దేవుడు దగ్గరే ఉన్నాడని రోజూ గుర్తుపెట్టుకోవడం ఎలా?

ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని పాట పాడుతుంటే ప్రభువు ఇక్కడే ఉన్నాడు అనిపిస్తుంది, సోమవారం పొద్దున్నే గ్యాస్ అయిపోయి, బయట స్కూల్ బస్ హారన్ కొడుతూ, ఇంకోపక్క ఆఫీస్ నుంచి ఫోన్ మోగుతుంటే ఆ అనిపించడం కాస్తా ఎటు పోతుందో తెలీదు. అన్నిచోట్లా ఉన్న దేవుడు నాకెందుకు తెలియట్లేదు అని నన్ను చాలామంది అడిగారు, నేనూ చాలాకాలం అడిగాను. నాకు పనికొచ్చినవి వరసగా రాస్తున్నాను, మీరూ చేసి చూడండి.

ముందు మనం ఏం నమ్ముతున్నామో సరిగ్గా తెలుసుకోవాలి, ఇది వదిలేసి మిగతావి చేస్తే నిలబడవు. దేవుడు అన్నిచోట్లా ఉన్నాడంటే గాలిలాగా ఇక్కడ కొంచెం అక్కడ కొంచెం పరుచుకుని ఉన్నాడని కాదు, చెట్టూ పుట్టా అన్నీ దేవుడే అని కూడా కాదు. సృష్టి వేరు ఆయన వేరు, అయినా ఆయన లేని చోటు లేదు, ఉన్న ప్రతిచోటా పూర్తిగా ఉన్నాడు. బైబిల్లో సొలొమోను రాజు దేవునికి అంత పెద్ద మందిరం కట్టి కూడా, ఆకాశ మహాకాశాలే నిన్ను పట్టలేవు, నేను కట్టిన ఈ మందిరం ఎలా పడుతుంది అని ప్రార్థన చేశాడు. మన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయ్యింది, ఇప్పటికీ జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, రావాలి కూడా, కానీ అక్కడ విన్న దేవుడే మీ ఇంటి వంటగదిలోనూ వింటాడు.

అయితే ఉండటం వేరు, దగ్గరగా ఉండటం వేరు. ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని రోజులు మనకి లేవా? అందుకే బైబిల్ "దేవునియొద్దకు రండి, అప్పుడాయన మీయొద్దకు వచ్చును" అంటుంది. యేసుకి ఉన్న ఇమ్మానుయేలు అనే పేరుకి అర్థం దేవుడు మనకు తోడు, ఆయన శరీరధారిగా వచ్చింది ఆ తోడు కోసమే. కాబట్టి మనం చేసేది దేవుణ్ణి ఎక్కడినుంచో రప్పించడం కాదు, ఉన్నాయన వైపు తిరగడం.

ఇక చేయాల్సినవి. బైబిల్లో 139వ కీర్తన తీయండి, మొత్తం వద్దు, 7 నుంచి 10 వచనాలు చాలు. "నీ సన్నిధినుండి నేనెక్కడికి పారిపోవుదును?" అని దావీదు అడిగేది అక్కడే. వారం రోజులు పొద్దున ఫోన్ చేతిలోకి తీసుకోకముందే అవే నాలుగు వచనాలు పైకి చదవండి, చదివాక ఆరోజు మీరు వెళ్ళే చోట్ల పేర్లు చెప్పండి. ప్రభువా బస్టాండ్‌లో నువ్వున్నావు, మా మేనేజర్ క్యాబిన్‌లో నువ్వున్నావు, సాయంత్రం అత్తయ్యగారింట్లో నువ్వున్నావు, ఇలా. మొదటి రెండ్రోజులు కొత్తగా ఉంటుంది, మూడోరోజు ఆ క్యాబిన్ తలుపు తోసేటప్పుడు దానంతటదే గుర్తొస్తుంది.

తర్వాత రోజూ చేసే పని ఒకటి ఎంచుకోండి, ఇష్టం లేని పనైతే ఇంకా మంచిది. 17వ శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన, అంతకుముందు సిపాయి, కాలికి గాయమై కుంటుతూ నడిచేవాడు, మఠంలో చేరితే వంటింట్లో పని ఇచ్చారు. ఆయనకి ఆ పని అస్సలు నచ్చేది కాదు. అయినా ఏళ్ళ తరబడి అదే చేస్తూ, పెనం మీద ఆమ్లెట్ తిరగేసేటప్పుడు కూడా దేవుని మీద ప్రేమతోనే తిరగేస్తానన్నాడు, గిన్నెల చప్పుడు మధ్యలోనూ మోకాళ్ళ మీద ఉన్నప్పటంత ప్రశాంతంగా దేవునితో ఉంటానన్నాడు. నేను అంట్లు తోమడం పట్టుకున్నాను. ఒక్కో గిన్నె తోముతూ ఒక్కో మాట, పెద్ద ప్రేయర్ ఏం కాదు, "ప్రభువా ఇక్కడున్నావు" అంతే. మనసు పక్కకి పోతుంది, తప్పకుండా పోతుంది, పోయినప్పుడు తిట్టుకోకుండా తర్వాతి గిన్నె దగ్గర మళ్ళీ మొదలుపెట్టండి.

కష్టమైనది ఇంకోటి ఉంది, దేవుడు ఉండకూడదు అనుకునే చోటుకి కూడా ఆయన్ని పిలవాలి. రాత్రి ఒంటి గంటకి ఫోన్‌లో చూసేది, పిల్లల మీద అరిచే అరుపు, లెక్కల్లో చేసే మోసం, ఇవన్నీ ఆయన ముందే జరుగుతున్నాయి. యోనా ప్రవక్త దేవుడు చెప్పిన చోటుకి వెళ్ళకుండా, యొప్పే రేవులో టికెట్ కొనుక్కుని మరీ ఓడెక్కి తర్షీషు అనే ఊరికి పారిపోబోయాడు, చివరికి తనని మింగిన చేప కడుపులో ప్రార్థన చేస్తే దేవుడు అక్కడా విన్నాడు. అంటే పారిపోయినా వదలడు, భయపెట్టడానికి కాదు, వెనక్కి తెచ్చుకోవడానికి. దాచే విషయం ఏదో ఆయనతో పేరు పెట్టి చెప్పేయండి.

మరి ఏమీ అనిపించకపోతే? అప్పుడు నాకు విశ్వాసం లేదేమో అని దయచేసి అనుకోకండి. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది, తర్వాత ఓదార్పు మాట ఒక్కటి లేదు, అయినా అది బైబిల్లో ఉంది, మొత్తం దేవునితోనే మాట్లాడిన మాట. యేసు కూడా సిలువ మీద నన్నేల విడనాడితివి అని అరిచాడు. అనిపించకపోయినా ఆయనతోనే చెప్పుకోవడం ప్రార్థనే.

మా అమ్మ ఆపరేషన్ రాత్రి నాకిది అర్థమైంది. హాస్పిటల్ కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో మందుల చీటీ చెమటకి మెత్తబడిపోయింది, చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన 23వ కీర్తన రెండో వచనం దాటి గుర్తు రాలేదు. చివరికి "నీవు నాకు తోడైయుందువు" అన్న ఒక్క ముక్క దొరికితే తెల్లారేదాకా అదే అనుకున్నాను, ఏ వెలుగూ రాలేదు, ఏ స్వరమూ వినపడలేదు. తర్వాత ఇంటికొచ్చి బైబిల్ తీసి చూస్తే మొదటి మూడు వచనాల్లో దావీదు "ఆయన" "ఆయన" అంటూ దేవుని గురించి చెప్తాడు, నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయలోకి దిగగానే "నీవు" అంటాడు. పచ్చికలో ఉన్నప్పుడు ఆయన, లోయలో నీవు. ఇన్నేళ్ళు చదివాను, ఎప్పుడూ గమనించలేదు.

అమ్మ డిశ్చార్జ్ అయ్యాక అదే కీర్తన చదవమంది. నాలుగో వచనం దగ్గర నా గొంతు ఆగిపోతే, మిగతాది ఆవిడే పడుకుని పూర్తి చేసింది.