ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి ఎక్కడం లేదా? తెగింది ఎక్కడో ముందు పట్టుకోండి

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉన్నా సరే, గాలివానకి తీగ తెగినా, కరెంటు పోయి వీధిలో పెట్టె ఆగినా రౌటర్ మీద ఎర్ర లైటు పడుతుంది, ఇక ఫోనే దిక్కు. సరిగ్గా అప్పుడే పది నిమిషాల్లో ఆఫీసు కాల్ ఉంటుంది, లేదా పిల్లల కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లకి అదే ఆఖరి రోజు అవుతుంది. హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ల్యాప్‌టాప్ ఎక్కదు. ఆ టెన్షన్‌లో కంటికి కనిపించిన సెట్టింగల్లా మార్చేస్తాం. పది మార్చాక పని చేసినా ఏది మారిస్తే పని చేసిందో తెలియదు, మళ్లీసారి మళ్లీ మొదటికే వస్తాం.

నెట్ మన స్క్రీన్ దాకా రావాలంటే మూడు చోట్లు దాటాలి. టవర్ నుంచి ఫోన్‌కి, ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి, ల్యాప్‌టాప్‌లో దిగాక బ్రౌజర్‌కి. ఈ మూడింట్లో ఎక్కడ తెగిందో తేలితే సగం పని అయిపోయినట్టే.

అసలు ఫోన్‌లో నెట్ ఉందా?

ఫోన్‌లో వైఫై ఆపేసి, ఇంతకుముందు ఎప్పుడూ తెరవని పేజీ ఒకటి తెరిచి చూడండి. వైఫై ఆపమని ఎందుకంటున్నానంటే, ఫోన్ ఇంట్లో రౌటర్‌కి తగులుకునే ఉంటుంది, మొబైల్ డేటా ఎప్పుడో ఆగిపోయినా మనకి తెలియదు. వాట్సాప్‌లో పాత మెసేజ్‌లు కనిపించడం రుజువు కాదు, అవి ఫోన్‌లోనే ఉంటాయి.

పేజీ రాకపోతే హాట్‌స్పాట్ జోలికే వెళ్లకండి. రెండు సిమ్‌లున్న ఫోన్ అయితే డేటా ఏ సిమ్ మీద ఉందో చూడండి, రీఛార్జ్ ఒకదానికి చేసి డేటా రెండోదాని మీద వదిలేయడం మామూలే. తర్వాత రోజువారీ కోటా. 1.5 జీబీ, 2 జీబీ ప్లాన్లలో కోటా అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు, చాలా ప్లాన్లలో 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకి 8 కిలోబైట్లు, ఒక్క ఎంబీ దిగడానికే రెండు నిమిషాలు. ల్యాప్‌టాప్‌లో ఇది అచ్చం "కనెక్ట్ అయింది గానీ ఏదీ తెరుచుకోవడం లేదు" అన్నట్టే ఉంటుంది, దాంతో జనం తప్పు ల్యాప్‌టాప్‌లో వెతుకుతారు. డేటా వోచర్ వేసుకోవడమో, అర్ధరాత్రి దాకా ఆగడమో తప్ప దీనికి వేరే మందు లేదు.

హాట్‌స్పాట్ పేరే కనిపించడం లేదు

మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌తో ఒక పూటంతా పోయింది దీని మీదే. పక్కింటివాళ్ల వైఫై కనిపిస్తోంది, బల్ల మీదున్న మా ఫోన్ మాత్రం కనిపించడం లేదు. కారణం బ్యాండ్, అంటే వైఫై సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ. కొత్త ఫోన్లు హాట్‌స్పాట్‌ని 5 గిగాహెర్ట్జ్ మీద ఇవ్వగలవు, పాత ల్యాప్‌టాప్ వైఫై కార్డు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది. దానికి వినపడని చోట మనం ఎంత అరిచినా ఏం లాభం? ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాండ్ 2.4కి మార్చండి. కొన్ని ఫోన్లలో అదే ఎక్స్‌టెండ్ కంపాటిబిలిటీ అనే మీటగా ఉంటుంది. ఐఫోన్ 12, ఆ తర్వాతి వాటిలో మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ ఆన్ చేయాలి. ల్యాప్‌టాప్ కార్డు ఏ రకమో డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో విడిభాగాల జాబితా) దాని పేరు చూస్తే సాధారణంగా తెలిసిపోతుంది, పేరులో ఏసీ, ఏఎక్స్ అని ఉంటే రెండు బ్యాండ్లూ పట్టుకుంటుంది, బీజీఎన్ అని ఉంటే 2.4 ఒక్కటే.

పేరు కనిపించి, పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా తిప్పి పంపేస్తోందంటే సెక్యూరిటీ రకం చూడండి. డబ్ల్యూపీఏ3 మీద ఉంటే పాత కార్డులకి అర్థం కాదు, డబ్ల్యూపీఏ2కి మార్చండి. పాస్‌వర్డ్ అసలు లేకుండా మాత్రం వదలకండి, బస్టాండులో, హాస్టల్‌లో మీ డేటా క్షణాల్లో అయిపోతుంది.

ఐఫోన్ వాడేవాళ్లకి ఇంకో మాట. ల్యాప్‌టాప్ ఎక్కేదాకా పర్సనల్ హాట్‌స్పాట్ స్క్రీన్ తెరిచే ఉంచండి. ఆ స్క్రీన్ మూసేస్తే ఒక్కోసారి పేరు కనపడకుండా పోతుంది.

ఎక్కింది, కానీ "నో ఇంటర్నెట్" అంటోంది

ఫోన్‌లో నెట్ బాగానే ఉందని ముందే చూసుకున్నాం కాబట్టి ఇప్పుడు తప్పు రెండోచోటో మూడోచోటో ఉంది. ఏదో తేల్చడానికి విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి ఐపీవీ4 అడ్రస్, అంటే ఆ నెట్‌వర్క్‌లో ల్యాప్‌టాప్‌కి ఇచ్చిన నంబరు, చూడండి. 169.254తో మొదలైతే ఫోన్ మీ ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఇవ్వనే లేదు. హాట్‌స్పాట్ ఆపి, ఫోన్‌ని ఒకసారి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తీసి, ల్యాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్లీ ఎక్కండి. ఎక్కువసార్లు దీంతోనే పోతుంది.

192.168తోనో, ఐఫోన్ అయితే 172.20.10తోనో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే లింకు కుదిరినట్టే. ఇప్పుడు అదే కిటికీలో 8.8.8.8కి పింగ్ (ping 8.8.8.8) కొట్టండి, అది బయటి నెట్‌లో ఉన్న ఒక సర్వర్‌ని పలకరించి జవాబు వస్తుందో లేదో చూస్తుంది. జవాబు వస్తూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్ (సైటు పేరుని నంబరు అడ్రస్‌గా మార్చే సేవ) సమస్య కావచ్చు, ల్యాప్‌టాప్‌లో డీఎన్ఎస్ 8.8.8.8 అని చేత్తో పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే ప్రాక్సీ, అంటే బ్రౌజర్‌కీ నెట్‌కీ మధ్య మధ్యవర్తి సర్వర్‌ని పెట్టే సెట్టింగ్, చూడండి. కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీసులోనో ఎప్పుడో పెట్టిన ప్రాక్సీ అలాగే ఉండిపోయి, బయటికి వచ్చాక బ్రౌజర్‌ని ఎక్కడికీ కదలనివ్వదు. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ దగ్గర మాన్యువల్ ఆఫ్ చేయండి. ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ సగంలో ఆగిపోయి ఉన్నా ఇలాగే అవుతుంది, దాన్ని పూర్తిగా మూసి చూడండి.

పింగ్‌కే జవాబు లేకపోతే మళ్లీ ఫోన్ వైపు రండి. ఫోన్‌లో నెట్ ఉంటుంది, హాట్‌స్పాట్‌కి మాత్రం అందదు. ఇక్కడ అనుమానించాల్సింది ఏపీఎన్, అంటే సిమ్ కంపెనీ నెట్‌లోకి ఏ దారిన వెళ్లాలో ఫోన్‌కి చెప్పే సెట్టింగ్. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ నేమ్స్ తెరిచి, రీసెట్ టు డిఫాల్ట్ కొట్టండి. జియోకి జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్ అని ఉండాలి. అయినా రాకపోతే ఏపీఎన్ టైప్ అనే గడిలో డిఫాల్ట్, సప్ల్ పక్కన కామా పెట్టి చిన్న అక్షరాల్లో డీయూఎన్ చేర్చండి. డీయూఎన్ అంటే డయల్ అప్ నెట్‌వర్కింగ్, ఫోన్‌ని మోడెమ్‌గా వాడే రోజుల నుంచి మిగిలిన పేరు.

హాట్‌స్పాట్ మీటే నొక్కనివ్వకుండా బూడిదరంగులో ఉంటే డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఉన్నంతసేపూ ఆండ్రాయిడ్ టెథరింగ్‌ని, అంటే ఫోన్ నెట్‌ని ఇంకో పరికరానికి పంచడాన్ని, ఒప్పుకోదు.

యూఎస్‌బీ వైరుతో పెడితే

నా మాట వింటే ముఖ్యమైన పని ఉన్నప్పుడు హాట్‌స్పాట్ కన్నా ఇదే మేలు. బ్యాండ్ గొడవ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఫోన్‌కి ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది. ఒకప్పుడు ఫోన్‌ని తగిలించి కంప్యూటర్‌లో డయల్ అప్ పెట్టి, స్టార్ 99 హ్యాష్ కొట్టి, అప్పటి నత్తనడక జీపీఆర్ఎస్ మీద నెట్ తెచ్చుకున్నవాళ్లకి ఇదెంత హాయో తెలుసు. 2010లో ఆండ్రాయిడ్ 2.2లో ఈ సౌకర్యం లోపలే వచ్చేసింది.

వైరు పెట్టినా యూఎస్‌బీ టెథరింగ్ మీట వెలగకపోతే ముందు అనుమానించాల్సింది వైరునే. పవర్‌బ్యాంకుతో, చౌక ఛార్జర్‌తో వచ్చే కొన్ని వైర్లలో కరెంటు తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్ ఛార్జ్ అవుతుంది కాబట్టి వైరు బాగుందనుకుంటాం. ఫోటోలు కాపీ చేయగలిగితేనే అది డేటా వైరు. ఇంకో వైరు, ఇంకో పోర్టు మార్చి చూడండి.

మీట వెలిగి ల్యాప్‌టాప్‌లో ఏమీ రాకపోతే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద రిమోట్ ఎన్‌డీఐఎస్ (యూఎస్‌బీ వైరు మీద నెట్ అందించే అడాప్టర్) అన్న పేరు ఉందా చూడండి. లేకుండా పసుపు గుర్తుతో ఇంకేదో ఉంటే దాని మీద అప్‌డేట్ డ్రైవర్ కొట్టి, కంప్యూటర్‌లోని లిస్టు నుంచి నేనే ఎంచుకుంటానని చెప్పి, నెట్‌వర్క్ అడాప్టర్స్‌లో మైక్రోసాఫ్ట్ కింద రిమోట్ ఎన్‌డీఐఎస్ కంపాటిబుల్ డివైస్ ఎంచుకోండి. డౌన్‌లోడ్ ఏమీ అక్కర్లేదు, అది విండోస్‌లోనే ఉంటుంది. ఐఫోన్‌కి మాత్రం విండోస్‌లో ఐట్యూన్స్ గానీ యాపిల్ డివైసెస్ యాప్ గానీ ముందే ఉండాలి, ఫోన్ మీద ట్రస్ట్ అని నొక్కాలి.

డ్రైవర్ లోపలే ఉండటం వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. విండోస్ కొత్తగా ఎక్కించాక వైఫై డ్రైవర్ లేక, నెట్ లేక, నెట్ లేకుండా డ్రైవర్ దొరక్క ఇరుక్కుపోతుంటాం కదా, అప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ని వైరుతో పెట్టండి. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే ఆ వైఫై నెట్‌నే ల్యాప్‌టాప్‌కి ఇస్తుంది, మొబైల్ డేటా కూడా ఖర్చు కాదు.

గంటలో డేటా అంతా అయిపోయింది

ల్యాప్‌టాప్ దృష్టిలో మీ ఫోన్ కూడా ఒక మామూలు వైఫైయే. దొరికిందే చాలని అప్‌డేట్లు, వన్‌డ్రైవ్ ఫోటోలు అన్నీ మొదలుపెడుతుంది. ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ (ఇది లెక్కపెట్టి వాడాల్సిన నెట్ అని విండోస్‌కి చెప్పే మీట) ఆన్ చేయండి, ఎక్కువ భాగం ఆగుతుంది. వీడియో కాల్‌లో మన కెమెరా ఆపినా బాగా మిగులుతుంది.

మధ్యమధ్యలో పోతోంది

ల్యాప్‌టాప్ నిద్రపోయి లేచేసరికి హాట్‌స్పాట్ పోతోందంటే, ఎవరూ వాడకపోతే దానంతటదే ఆగే టైమర్ ఫోన్‌లో ఉంటుంది, ఆపేయండి. కాల్ మధ్యలో పోతోందంటే ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగుతోందేమో చూసి 4జీ మీద నిలపండి. అన్‌లిమిటెడ్ 5జీ ప్లాన్ అయితే ఒక్క సంగతి, 4జీలో వాడింది రోజువారీ కోటాలోంచి పోతుంది. 2.4 బ్యాండ్ మీద ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే దాని అలజడికి కూడా వైఫై తడబడుతుంది, తీసి చూడండి.

ఇంకా పోతుంటే ఫోన్ పట్టుకుని చూడండి. వెనక కాలుతోందంటే పౌచ్ తీసేయండి. ఛార్జింగ్, హాట్‌స్పాట్, బలహీనమైన సిగ్నల్ మూడూ కలిస్తే ఫోన్ వేడెక్కి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. మేడ మీద సిగ్నల్ బాగుందని ఎండలో పెట్టొద్దు. నీడపట్టున కిటికీ గూట్లో పెట్టి, పొడుగు వైరు ల్యాప్‌టాప్ దాకా లాక్కోండి.