ఉద్దానం డేటా: మోడల్ ఫలితాలు చదివే ముందు జాగ్రత్తలు

ఉద్దానం కిడ్నీ జబ్బు డేటాకి (ఉందా, లేదా) లాజిస్టిక్ మోడల్ (ఉందా, లేదా అన్న జవాబుకి అవకాశం లెక్కించేది) వేశారనుకుందాం. రిపోర్టు రాసేముందు ఇవి చూసుకోండి. అంకెలన్నీ ఊహించినవే.

• రిఫరెన్స్ (మిగతా వాటిని దేనితో పోలుస్తామో అది) ఏ మండలం? కవిటి, కంచిలి, సోంపేట పేర్లు ఇంగ్లిష్‌లో ఎక్కిస్తే, ఆర్ (R) సాఫ్ట్‌వేర్ అక్షర క్రమంలో ముందొచ్చే కంచిలిని తీసుకుంటుంది. ఎస్‌పీఎస్‌ఎస్ (SPSS) సాఫ్ట్‌వేర్ మామూలుగా చివరిదైన సోంపేటని. సాఫ్ట్‌వేర్ మారితే గుణకం (రిఫరెన్స్‌తో తేడా చూపే అంకె) గుర్తు, అంటే ప్లస్ మైనస్, కూడా తిరగబడవచ్చు.

• కవిటి గుణకం 0.69 వస్తే అది లాగ్ ఆడ్స్‌లో తేడా (ఆడ్స్ అంటే జబ్బు ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ నిష్పత్తి; లాగ్ ఆడ్స్ దాని లాగరిథమ్). ఘాతాంకం తీస్తే (e^0.69) సుమారు 2, అంటే ఆడ్స్ రెట్టింపు. జబ్బు రెట్టింపని మాత్రం రాయకండి, పేపర్లో హెడ్డింగ్ అయిపోతుంది! రిఫరెన్స్ మండలంలో 20 శాతం మందికి జబ్బు ఉంటే కవిటిలో వచ్చేది 40 కాదు, 33.

• వయసు, మండలం ఇంటరాక్షన్ (మండలాల తేడా వయసుని బట్టి మారడం) ఉంటే మండలం గుణకం సున్నా ఏళ్ల వయసుకి వర్తిస్తుంది. పురిటి పిల్లల గురించి మనకెందుకు? ఒక్కొక్కరి వయసులోంచి సగటు వయసు తీసేసి మళ్లీ నడపండి.

• సవరించిన సగటు (వయసు, ఆడ మగ తేడాలు సరిచేసి మండలానికి కట్టిన అంచనా) ఏ వయసు దగ్గర కట్టారు? ఆడ, మగ చెరి సగమని లెక్కేసిందా, డేటాలో ఉన్న నిష్పత్తినా? లాగ్ ఆడ్స్‌లో సగటు కట్టి శాతంలోకి మార్చినదీ, ఒక్కొక్కరి శాతాల సగటూ ఒకటి కావు. ఏది వాడారో రాయండి.

• విశ్వాస అంతరం (గుణకం ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో చెప్పే హద్దులు) రెండు కొసలనీ ఘాతాంకం తీసి మార్చండి. ప్రామాణిక దోషానికి (గుణకంలోని అనిశ్చితి కొలత) ఘాతాంకం తీయకండి.