మన కారు, మన లెక్క – 3వ పాఠం: సర్వీసింగ్‌కి ఇచ్చే ముందు సాయంత్రం

పోయిన పాఠంలో ఓనర్ మాన్యువల్ చివర ఉండే మెయింటెనెన్స్ పట్టిక చదవడం నేర్చుకున్నాం. ఏ కిలోమీటరుకు ఏది మార్చాలో, ఏది చూసి వదిలేయాలో ఈపాటికి మీ నోట్‌బుక్‌లో రాసుకునే ఉంటారు. ఈసారి ఆ నోట్‌బుక్ పట్టుకుని బానెట్ ఎత్తుదాం.

పొదిలి, కనిగిరి, ఉదయగిరి వైపు నుంచి కారును ఒంగోలుకో నెల్లూరుకో తెచ్చి, పొద్దున్నే షోరూమ్‌లో అప్పగించి, బజారు పనుల మీద పోతారు. పదకొండు గంటలకు ఫోను వస్తుంది. "సార్, ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయినయ్, మార్చేయమంటారా?" మళ్లీ అంత దూరం రావాలంటే ఒక రోజు పోతుందని సరే అనేస్తారు. ఫోను చేసిన సర్వీస్ అడ్వైజర్ అబద్ధమే చెప్పాడని అనుకోనక్కర్లేదు. ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో అతను చెప్పలేదు, మీకూ తెలియదు. అసలు చిక్కు అక్కడుంది. ముందు రోజు సాయంత్రం అరగంట కూర్చుంటే ఆ అంకె మీ దగ్గరే ఉంటుంది. అంకె చేతిలో ఉన్నవాళ్లతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి: టార్చి, పాత నూలు గుడ్డ, చిన్న స్కేలు, టైరు ప్రెషర్ గేజి, మామూలు డిజిటల్ మల్టీమీటర్, పర్మనెంట్ మార్కర్, ఇంట్లో ఉంటే గోళ్ల రంగు సీసా. గోళ్ల రంగు ఎందుకంటే సర్వీసులో కారు కడుగుతారు. సుద్దముక్కతో పెట్టిన గుర్తు నిలవదు, ఇది నిలుస్తుంది.

ఇంజన్ ఆయిలు

కారును చదునైన చోట ఆపి, ఇంజన్ కట్టేసి పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూసే పొడవాటి పుల్ల) తీసి తుడిచి, పూర్తిగా లోపలికి దించి మళ్లీ తీయండి. రెండో సారి కనిపించేదే లెక్క. చాలా చిన్న కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా సుమారు లీటరు. మట్టం ఎక్కడుందో ఫోటో తీయండి, మీటర్ రీడింగ్ ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

రంగు చూసి తీర్పు చెప్పొద్దు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిలు కూడా కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచడం ఆయిలు చేయాల్సిన పనే. కాబట్టి "ఆయిలు నల్లగా ఉంది, ఇంజన్ ఫ్లష్ చేయిద్దాం, మందు పోసి లోపల కడుగుదాం" అంటే ఒప్పుకోవడానికి అది చాలదు. కిలోమీటర్లు, నెలలు, ఈ రెండిట్లో ఏది ముందు నిండితే అప్పుడు ఆయిలూ ఫిల్టరూ మార్చుతూ వచ్చిన ఇంజన్‌కు, మాన్యువల్‌లో లేని ఫ్లష్‌తో అవసరం ఉండదు.

ఆయిల్ ఫిల్టర్ పైనుంచో కింది నుంచో కనిపిస్తుంటే దాని డబ్బా మీద గోళ్ల రంగుతో చుక్క పెట్టండి. రేపు సాయంత్రం ఆ చుక్క అక్కడే ఉందంటే ఫిల్టర్ మార్చలేదని అర్థం. మాన్యువల్‌లో ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు పడుతుందో, ఏ గ్రేడో కూడా నోట్‌బుక్‌లో ఎక్కించండి. చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి 3 నుంచి 4 లీటర్లు. బిల్లులో అంతకు మించి కనిపిస్తే అడగాలి. డబ్బు సంగతి అలా ఉంచి, నిజంగానే ఎక్కువ పోస్తే ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ ఆ ఆయిలును చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది కాబట్టి ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, సీళ్ల దగ్గర కారడం మొదలవుతుంది.

గాలి ఫిల్టర్లు

ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు ఎక్కువ కార్లలో క్లిప్పులే ఉంటాయి, కొన్నింటికి స్క్రూలు. తెరిచి, ఫిల్టర్ ఎటు తిరిగి ఉందో చూసుకుని బయటికి తీయండి. అంచు మీద మార్కర్‌తో తేదీ, కిలోమీటర్లు రాయండి. వెనక నుంచి టార్చి వేస్తే మడతల్లోంచి వెలుగు వస్తుంటే ఇంకా పనికొస్తుంది.

మన వైపు దీని మీద మాన్యువల్ చెప్పినదానికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. చీమకుర్తి క్వారీల దారిలో రోజూ తిరిగే కారుకూ, ఊళ్లో నాలుగు వీధులు తిరిగే కారుకూ ఒకే గడువు సరిపోదు. మాన్యువల్‌లోనే దుమ్ము ఎక్కువున్న చోట్లకు విడిగా ఒక పట్టిక ఉంటుంది, మీరు చూడాల్సింది అది. కోవూరు, అల్లూరు వైపు కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. వాటి పక్కగా వెళ్లిన కారు ఫిల్టర్ డబ్బా తెరిస్తే అడుగున పొట్టు, గడ్డిపరకలు కనిపిస్తాయి. ఒక్కోసారి ఎలుక పెట్టిన గూడే ఉంటుంది. గూడు కనిపిస్తే దగ్గర్లో ఉన్న వైర్ల తొడుగులన్నీ టార్చి వేసి చూడండి. కొరికిన గుర్తులుంటే ఫోటో తీసి, రేపు జాబ్ కార్డులో (షోరూమ్ వాళ్లు చేయాల్సిన పనులు రాసుకునే కాగితం) రాయించాలి.

దుమ్ము దులపాలంటే ఫిల్టర్‌ను నేలకేసి మెల్లగా తట్టండి. కంప్రెసర్ గాలి పెట్టాలనుకుంటే తక్కువ ప్రెషర్‌తో, ఇంజన్ వైపు ముఖం నుంచి బయటి ముఖం వైపు పెట్టాలి. తిరగేసి కొడితే దుమ్ము కాగితంలోకి దిగిపోతుంది. కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడగకూడదు. ఏసీ గాలికి ఉండే క్యాబిన్ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. కొన్ని కింది రకం మోడళ్లలో ఉండదు. ఉంటే దాని మీదా తేదీ వేయండి. ఏసీ వాసన వస్తోందని ఎవాపరేటర్ (ఏసీలో గాలిని చల్లబరిచే భాగం) క్లీనింగ్‌కు ఒప్పుకునే ముందు ఈ ఫిల్టర్ మార్చి చూడండి, ఎక్కువసార్లు సమస్య దాంతోనే తగ్గుతుంది.

బ్రేకులు

ఈ పాఠంలో అన్నిటికన్నా నిదానంగా చదవాల్సింది ఇదే.

బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా డ్రైవర్ వైపు వెనక భాగంలో ఉంటుంది. పైనుంచే మట్టం కనిపిస్తుంది, మూత తీయొద్దు. మట్టం కింది గీత వైపు నెమ్మదిగా దిగుతూ వస్తోందంటే ఎక్కువసార్లు ప్యాడ్లు అరుగుతున్నాయని అర్థం. ప్యాడ్ పల్చబడే కొద్దీ చక్రంతో తిరిగే డిస్క్‌కు ప్యాడ్‌ను నొక్కే క్యాలిపర్ పిస్టన్ ముందుకు జరుగుతుంది. ఆ ఖాళీలోకి ఫ్లూయిడ్ దిగుతుంది. అందుకే తగ్గింది కదా అని పోసేయకూడదు. పోస్తే అరుగుదల మీకు కనిపించకుండా పోతుంది. పైగా కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ను వెనక్కి నెట్టగానే ఫ్లూయిడ్ పొంగి పెయింట్ మీద పడుతుంది, పడిన చోట పెయింట్ లేచిపోతుంది. మట్టం ఒక్కసారిగా పడిపోతే అది లీకు. ఆ కారును షోరూమ్ దాకా నడుపుకుంటూ పోవద్దు, మెకానిక్‌ను ఇంటికే పిలవండి.

ఫ్లూయిడ్‌ను చాలా కంపెనీలు రెండేళ్లకొకసారి మార్చమంటాయి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చు. బరువుతో ఘాట్ దిగేటప్పుడు ఫ్లూయిడ్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది గానీ బండి ఆగదు. కాబట్టి రెండేళ్లు నిండాక షోరూమ్ వాళ్లు మార్చాలంటే కాదనకండి.

ఇక ప్యాడ్లు. అల్లాయ్ చక్రాలైతే చువ్వల మధ్య నుంచి టార్చి వేయండి. డిస్క్‌ను ఆనుకుని కనిపించేదాంట్లో రెండు పొరలుంటాయి: వెనక ఇనుప పలక, ముందు రాపిడి పదార్థం. ఇనుప పలకను కలపకుండా రాపిడి పొర మందం మాత్రమే స్కేలుతో అంచనా వేయండి. కొత్తది సుమారు 10 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ.కి వస్తే మార్చాలి. ఉదాహరణకు 30,000 కిలోమీటర్లలో 10 నుంచి 6కు వచ్చిందనుకుందాం. 4 మి.మీ. అరగడానికి 30,000 పట్టింది, అదే నడకలో ఇంకో 3 మి.మీ. అరగడానికి దాదాపు 22,000 పడుతుంది. "సగం అయిపోయినయ్" అన్న మాట నిజమే, అయినా ఈ సర్వీసులో మార్చాల్సిన పని లేదు.

ఒక జాగ్రత్త. బయటి నుంచి మనకు కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే. పిస్టన్ గానీ స్లైడ్ పిన్ (క్యాలిపర్ జరిగే కడ్డీ) గానీ బిగుసుకుంటే లోపలి ప్యాడ్ ముందే అయిపోతుంది. చక్రం విప్పితే తప్ప అది తెలియదు. వెనక డ్రమ్ములున్న కార్లలో షూలు కూడా అంతే. కాబట్టి జాబ్ కార్డులో "నాలుగు చక్రాలకూ లోపలి, బయటి ప్యాడ్ల మందం మి.మీ.లలో రాసి ఇవ్వాలి" అని రాయించండి. మీరు చూసిన బయటి అంకె, వాళ్లు రాసిన బయటి అంకె ఒకటే అయితే లోపలి అంకెనూ నమ్మొచ్చు.

మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం లాంటి తీరం ఊళ్లలో రాత్రి నిలిపిన కారు డిస్కుల మీద తెల్లారేసరికి ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది. నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. దీన్ని చూపించి డిస్కులు మార్చాలంటే ఒప్పుకోవద్దు. డిస్క్ మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, కొలిచిన మందం దానికన్నా తగ్గినప్పుడే మార్చాలి. తుప్పు తినేసి గాడి పడితే మాత్రం అది వేరే సంగతి.

బ్యాటరీ, కూలెంట్, టైర్లు

రాత్రంతా నిలిపిన కారుకు పొద్దున్నే మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 కంటే తక్కువైతే బ్యాటరీ దిగిపోయింది, ఎందుకో కనుక్కోవాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి బూజు లాంటిది పేరుకుంటే, ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, వంట సోడా కలిపిన నీళ్లతో తుడిచి ఆరబెట్టండి. బిగించేటప్పుడు నెగెటివ్ ఆఖరున. ఈ ఒక్క పనితో "బ్యాటరీ వీక్" అన్న మాట కొన్నిసార్లు అక్కడితో ఆగిపోతుంది.

కూలెంట్ మట్టం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, రిజర్వ్ డబ్బాలో చూడాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. తగ్గిందని బోరు నీళ్లు పోయకండి. మన మెట్ట ప్రాంతం బోర్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. రేడియేటర్ సన్నని గొట్టాల్లో అవి గార కడతాయి, ఎండాకాలం రాగానే ఇంజన్ వేడెక్కుతుంది. మాన్యువల్ చెప్పిన రకం కూలెంటే పోయాలి. కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి రకం) అయితే డిస్టిల్డ్ వాటర్ కలపాలి.

టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. ముందు ఎడమ చక్రానికి, వాల్వ్ పక్కన రిమ్ మీద గోళ్ల రంగు చుక్క పెట్టండి. టైర్ రొటేషన్‌కు డబ్బు తీసుకుంటే ఆ చుక్క ఇంకో మూలకు మారి ఉండాలి. బండి ఒక పక్కకు లాగితేనో, టైరు ఒక అంచునే అరుగుతుంటేనో అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించండి. చేసే ముందు, చేశాక తీసిన కొలతల ప్రింటు రెండూ అడగండి. హైవే మీద 80, 100 వేగంలో స్టీరింగ్ వణికితే ముందు చూడాల్సింది బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉందా అన్నది.

జాబ్ కార్డు, ఫోను, బిల్లు

ఫిర్యాదును "సౌండ్ వస్తోంది" అని రాయనివ్వకండి. "చల్లని ఇంజన్, రెండో గేరు, స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు ముందు ఎడమ వైపు టక్ మని శబ్దం" అని రాయించండి. ఎస్టిమేట్‌లో లేని పని ఫోటో పంపి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే చేయాలనీ, మార్చిన పాత పార్టులు డిక్కీలో పెట్టాలనీ రాయించి సంతకం పెట్టండి.

ఫోను వచ్చినప్పుడు అడగాల్సినవి మూడే. కొలత ఎంత? మాన్యువల్ పట్టికలో ఈ కిలోమీటరుకు ఈ పని ఉందా? ఇప్పుడు చేయించకపోతే ఎన్ని కిలోమీటర్లు ఆగొచ్చు? థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే కవాటం) క్లీనింగ్ అంటే ఐడిలింగ్, అంటే బండి నిలిపి ఉన్నప్పుడు ఇంజన్ నడక, ఎగుడుదిగుడుగా ఉందా అని అడగండి, లేకపోతే వద్దు. అండర్‌బాడీ కోటింగ్ తీరం ఊళ్లలో ఆలోచించదగ్గదే. అయితే ఉప్పు, బురద పూర్తిగా కడిగి ఆరబెట్టకుండా పూస్తే తేమ లోపలే చిక్కి తుప్పు ఎక్కువవుతుంది. సాయంత్రానికి ఇచ్చేస్తామనే హడావుడిలో అది చేయించవద్దు.

బిల్లులో పార్టులు, లేబర్ విడివిడిగా ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద కూడా జీఎస్టీ 18 శాతమే. పాత 28 శాతం కనిపిస్తే అక్కడే ఆపండి. "కన్స్యూమబుల్స్" అని ఒకే ముద్దగా వేస్తే అందులో ఏమేమున్నాయో రాయమనండి.

కారు తీసుకునే ముందు పది నిమిషాలు మీవి. డిప్‌స్టిక్ పై గీత దగ్గర ఉందా, పై గీత దాటలేదు కదా? ఫిల్టర్ల మీద మీ రాత ఇంకా ఉందా? ఇంజన్ కింది ప్లాస్టిక్ షీటు క్లిప్పులన్నీ ఉన్నాయా? ఒకటి రెండు పోతే గతుకుల్లో షీటు జారి రోడ్డుకు రాసుకుంటుంది. ఇంటికొచ్చాక కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచండి, డ్రెయిన్ బోల్టు సరిగా బిగించకపోతే పొద్దున్న దాని మీద ఆయిల్ చుక్కలుంటాయి. చక్రాలు విప్పి ఉంటే వంద కిలోమీటర్ల తర్వాత నట్లు ఒకసారి సరిచూడండి.

చేయని పనికి డబ్బు తీసుకున్నారని తేలితే, ఫోటోలతో సర్వీస్ మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ఆపైన నెల్లూరులో, ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. వారంటీ ఉన్నన్నాళ్లు మాత్రం పట్టికలోని సర్వీసులు గడువు దాటకుండా షోరూమ్‌లోనే చేయించి, బిల్లులన్నీ దాచండి.

నాలుగో పాఠంలో రెండు గాలి ఫిల్టర్లూ, వైపర్ బ్లేడ్లూ మన చేతులతో మనమే మారుద్దాం. ఈలోగా పాత ఫిల్టర్ల మీద అచ్చయి ఉన్న పార్టు నంబర్లు, వైపర్లు రెండింటి పొడవులు కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుని రండి. కుడి, ఎడమ బ్లేడ్ల పొడవులు చాలా కార్లలో వేర్వేరుగా ఉంటాయి.