వరంగల్ వరదను కంప్యూటర్‌లో పారించడం ఎలా?

వరంగల్, హనుమకొండ, కాజీపేటల మీద వేసే వరద మోడళ్లు చాలావరకు ఒకే చోట చెడిపోతాయి. వాన లెక్కలో కాదు, సాఫ్ట్‌వేర్‌లోనూ కాదు, నేల మట్టాల దగ్గర. రంగురంగుల మ్యాపు మాత్రం అందరికీ వస్తుంది. అందులో చెరువు కట్టలోంచి నీళ్లు కారుతుంటాయి, రైలు కట్ట వెనక ఎన్నడూ లేని సముద్రం నిలబడి ఉంటుంది, ఏటా మునిగే కాలనీ పొడిగా కనిపిస్తుంది. అందుకని మిగతా పనులు గబగబా చెప్పి, మట్టాల దగ్గర ఆగుదాం.

కావాల్సినవి

రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు. మ్యాపు పనికి క్యూజీఐఎస్, నీళ్లు పారించడానికి అమెరికా ఆర్మీ ఇంజినీర్ల హెచ్‌ఈసీ-రాస్ 6 లేదా ఆ తర్వాతి వెర్షన్. 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్, ఆటో లెవెల్ (మట్టాలు కొలిచే పరికరం), స్టాఫ్ (దానితో వాడే కొలత కర్ర), టేపు, తిరగడానికి బండి. ప్రాజెక్టు ఫోల్డర్ పేరు చిన్నగా, మధ్యలో ఖాళీలు లేకుండా ఉండాలి. డెస్క్‌టాప్ మీద మాత్రం పెట్టొద్దు.

మోరీల లెక్కకు వాడే ఎస్‌డబ్ల్యూఎంఎం అనే సాఫ్ట్‌వేర్ ఉండగా ఇదెందుకని అడుగుతారు. మోరీల సైజులు నిర్ణయించడానికి అది మంచిదే. కానీ అందులో మ్యాన్‌హోల్ పొంగితే, పాండింగ్ ఆప్షన్ పెట్టకపోతే ఆ నీళ్లు లెక్కలోంచే మాయమవుతాయి. పెట్టినా అక్కడే గుంటలో నిలిచినట్టు చూపిస్తుంది తప్ప, సందులోంచి పక్క కాలనీలోకి పోనివ్వదు. మన దగ్గర పెద్ద వాన రోజున నీళ్లుండేది మోరీలో కాదు, రోడ్డు మీద. కాబట్టి నీళ్లు నేల మీద అన్ని వైపులా పారేలా లెక్కించే 2డీ మోడలే వేయాలి.

మొదటి అరగంట

హెచ్‌ఈసీ-రాస్ అడుగుల్లో మొదలవుతుంది. తెరవగానే యూనిట్లను ఎస్‌ఐకి మార్చండి. ప్రొజెక్షన్ (భూమిని మ్యాపుగా పరిచే పద్ధతి) యూటీఎం 44 ఉత్తరం, అంటే ఈపీఎస్‌జీ 32644. మోడల్ హద్దును కార్పొరేషన్ హద్దు దగ్గర కోయొద్దు. చెరువుల పైనున్న పరీవాహకం మొత్తం లోపలికి రావాలి. కింది హద్దు, మీరు చూడదలచిన కాలనీకి కనీసం అర కిలోమీటరు దిగువన ఉండాలి. లేకపోతే హద్దు దగ్గర మీరిచ్చే వాలే కాలనీలో నీటి మట్టాన్ని నిర్ణయిస్తుంది.

నేల మట్టాలు: ఇక్కడ తొందరపడొద్దు

ఉచితంగా దొరికే 30 మీటర్ల గడుల డెమ్‌లు (నేల ఎత్తుల డిజిటల్ మ్యాపులు), కోపర్నికస్ అయినా భువన్‌లోని కార్టోడెమ్ అయినా, పరీవాహకం గీయడానికే. కోపర్నికస్ చెప్పుకునే నిలువు ఖచ్చితత్వమే 4 మీటర్లు. మనం చూడబోయేది మోకాలి లోతు నీళ్లు. పైగా పది మీటర్ల వెడల్పు నాలా 30 మీటర్ల గడిలో అసలు కనిపించదు. కాలనీల లోపలికి డ్రోన్ లైడార్ (లేజర్‌తో ఎత్తులు కొలిచేది) గానీ టోటల్ స్టేషన్ (నేల మీద నిలబెట్టి కొలిచే సర్వే పరికరం) గానీ తప్పదు.

డ్రోన్ సర్వే చేతికి రాగానే ఒక తెలిసిన చోట ఎత్తు చూడండి. హనుమకొండలో 260 మీటర్ల దగ్గర ఉండాల్సిన నేల 190 దగ్గర కనిపిస్తే అది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే సముద్ర మట్టం నుంచి కాకుండా జీపీఎస్ వాడే ఊహా గోళం నుంచి కొలిచింది. సముద్ర మట్టం లెక్కకూ దానికీ మన ప్రాంతంలో 70 మీటర్లకు పైగా తేడా ఉంటుంది. అంతా ఒకే లెక్కలో ఉంటే ఇబ్బంది లేదు. మత్తడి మట్టం పాత కాగితంలోంచి, నేల మట్టం డ్రోన్‌లోంచి తెచ్చి కలిపితేనే గల్లంతు. చెట్లను తీసేసిన నేల మట్టమే వాడండి. ఇళ్లను మాత్రం వాటి అడుగు గీతల మేరకు 3 మీటర్లు పైకి లేపండి. ఇళ్లకు బదులు గరుకుదనం (నేల నీళ్లను నెమ్మదింపజేసే గుణం) పెంచి వదిలేసే పద్ధతి ఒకటుంది గానీ, మన ఇరుకు సందుల్లో అది నీళ్లను గోడల్లోంచి నడిపిస్తుంది.

ఇక కల్వర్టులు. పైనుంచి చూసే సర్వేకు రోడ్డు కనిపిస్తుంది, దాని కింది కంత కనిపించదు. అలా వదిలేస్తే ప్రతి రోడ్డూ ఒక ఆనకట్ట అవుతుంది. దీనికి విరుగుడుగా చాలామంది రోడ్డును అడ్డంగా కోసేసి నాలాను బారుగా కలిపేస్తారు. అదీ తప్పే. అప్పుడు వంతెన అడ్డే లేనట్టు నీళ్లు హాయిగా పోతాయి, ఎగువ కాలనీ మునగదు. కట్టను కట్టగానే ఉంచి, అందులో కల్వర్టును ఎస్‌ఏ/2డీ కనెక్షన్‌గా (కట్టకు రెండు వైపులనూ కలిపే నిర్మాణంగా) పెట్టడమే సరైన పద్ధతి. కాజీపేట, వరంగల్ మధ్య రైలు కట్ట కింద ఉన్న ప్రతి కంతకూ ఇదే చేయాలి. కల్వర్టు అడుగు మట్టం దాని నోటి దగ్గరి సెల్ (మోడల్ లెక్కించే గడి) కనిష్ఠ మట్టం కన్నా కిందుంటే ప్రోగ్రాం మొరాయిస్తుంది. అప్పుడు కల్వర్టును పైకి లేపి పని కానిచ్చేయొద్దు. టెరైన్‌ను (మోడల్‌లోని నేల మట్టాల ఫైలును) క్లోన్ చేసి, అందులో నాలాను ఛానల్‌గా గీసి లోతు చేయండి.

ప్రతి కంత దగ్గరా దిగి ఐదు కొలతలు రాసుకోవాలి: ఎన్ని కంతలు, వెడల్పు, ఎత్తు, అడుగు మట్టం, పూడిక మందం. ఈ చివరిదాన్నే అందరూ ఎగ్గొడతారు. లెక్క చూడండి. 2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు, వెయ్యికి ఒకటి వాలు ఉన్న కాంక్రీటు మోరీ నిండుగా పారితే, మానింగ్ విలువ (గరుకుదనాన్ని చెప్పే అంకె) 0.015తో, సెకనుకు 4.5 ఘనపు మీటర్లు పోతుంది. అందులో అర మీటరు పూడిక, పైన గడ్డి, ప్లాస్టిక్ కవర్లు చేరి మానింగ్ విలువ 0.025 అయితే పోయేది 1.6 మాత్రమే. కాగితం మీద మోరీ అదే, మోసే నీళ్లు మూడో వంతు. డ్రాయింగ్ చూసి సైజు వేస్తే మునిగే కాలనీ మ్యాపులో పొడిగానే ఉంటుంది.

కట్టల దగ్గర ఇంకో మోసం ఉంది. హెచ్‌ఈసీ-రాస్ నీళ్లను ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌లోకి పంపేటప్పుడు సెల్ అంచు మీది మట్టాలనే చూస్తుంది. కట్ట శిఖరం అంచు మీద కాకుండా సెల్ మధ్యలో పడిందనుకోండి, ఆ సెల్ అంతటికీ నీటి మట్టం ఒక్కటే కాబట్టి, నీళ్లు కట్ట ఎక్కకుండానే అవతల తేలతాయి. అందుకే చెరువు కట్టలు, రైలు కట్టలు, ఎత్తు రోడ్లు, డివైడర్లు అన్నిటి శిఖరం మీదా బ్రేక్‌లైన్ అనే గీత గీసి, సెల్ అంచులు దాని మీదికి వచ్చేలా మెష్‌ను (సెల్‌ల వలను) మళ్లీ పుట్టించాలి. సెల్ సైజు కాలనీల్లో 5 మీటర్లు, ఊరి బయట 20. బ్రేక్‌లైన్ లేకుండా సెల్ సైజు ఎంత తగ్గించినా దండగే.

చెరువులు: సర్వే ఎండాకాలంలో చేసి ఉంటే చెరువు ఖాళీగా ఉంటుంది, మోడల్‌లో వచ్చిన వరదంతా అదే మింగేస్తుంది. మన గొలుసుకట్టులో జూలై నెలాఖరుకు పై చెరువు నిండి ఉండటం మామూలే. భద్రకాళి, వడ్డేపల్లి లాంటి వాటిని స్టోరేజ్ ఏరియాగా (నీళ్లు నిలిచే తొట్టిగా) తీసుకుని, మొదటి నీటి మట్టాన్ని మత్తడి మట్టానికే పెట్టండి. మత్తడికి వియర్ గుణకం (మీద నుంచి ఎన్ని నీళ్లు దూకుతాయో లెక్కించే అంకె) 1.4 నుంచి 1.7 లోపు. అమెరికా పుస్తకాల్లోని 2.6, 3 అడుగుల లెక్కవి. వాటిని మీటర్లలో వేస్తే మత్తడి ఒకటిన్నర రెట్లకు పైగా దూకుతుంది.

ఇవన్నీ అయ్యాక అసలు వాన వేయకండి. ముందు నేల ఏమీ పీల్చుకోదనుకుని, గంటసేపు 10 మిల్లీమీటర్ల వాన కురిపించి, 12 గంటలు నడపండి. ఎక్కడెక్కడ నీళ్లు కదలకుండా నిలిచాయో చూసి, బండి తీసుకుని అక్కడికి వెళ్లండి. నిజమైన గుంట ఉంటే సరే. లేకపోతే మీరు మరిచిపోయిన కల్వర్టు అక్కడ ఉంటుంది.

వాన, నేల

రోజు వానను 24తో భాగించొద్దు. 240 మిల్లీమీటర్లను అలా పరిస్తే గంటకు 10 అవుతుంది, ఏ నాలా అయినా మోసేస్తుంది. ప్రణాళికా శాఖ ఆటోమేటిక్ కేంద్రాల గంటవారీ లెక్కలు తీసుకుని 15 నిమిషాల ముక్కలు చేయండి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో కురిసిన 649.8 మిల్లీమీటర్లను తెచ్చి హనుమకొండ మీద పోసేవాళ్లున్నారు. పరీక్షకు సరదాగా ఉంటుంది గానీ, ఊళ్లో మునిగిన గుర్తులతో పోల్చాలంటే ఊళ్లో కురిసిన వానే కావాలి.

చెలక నేల కొంత పీల్చుకుంటుంది, రేగడి తక్కువ. నాలుగు రోజులు ముసురు పట్టాక రెండూ దాదాపు ఒకటే కాబట్టి, కర్వ్ నంబరు (వానలో ఎంత పారుతుందో చెప్పే అంకె) తడి నేలదే వేయండి. గరుకుదనం సిమెంటు రోడ్డుకు 0.015, గుర్రపుడెక్క పట్టిన నాలాకు 0.05 పైనే.

నడపడం, సరిచూడడం

మొదట డిఫ్యూజన్ వేవ్ అనే తేలికపాటి సమీకరణాలు, అవి సాఫీగా నడిచాక పూర్తి షాలో వాటర్ సమీకరణాలు. 5 మీటర్ల సెల్‌లో నీళ్లు సెకనుకు 2 మీటర్లు పోతుంటే టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగుకు ముందుకు జరిగే సమయం) 2 సెకన్లు. నీటి పరిమాణంలో తేడా ఒక శాతం దాటితే ఆ ఫలితం చూడనే చూడొద్దు. చేతి లెక్క కూడా ఒకటి వేయండి: 100 హెక్టార్లు, గంటకు 60 మిల్లీమీటర్లు, గుణకం (వానలో పారే వంతు) 0.7 అయితే సెకనుకు దాదాపు 11.7 ఘనపు మీటర్లు. మోడల్ 2 అనో 60 అనో చెబితే వెనక్కి వెళ్లాలి.

2023 జూలై 27 వరద గుర్తులు హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వైపు ఏ గోడ మీదైనా మిగిలి ఉంటే, గడప నుంచి కాకుండా లెవెల్ పెట్టి కొలవండి. పాతిక సెంటీమీటర్ల లోపు తేడా ఉంటే పరవాలేదు. ఎక్కువుంటే మానింగ్ విలువలు తిప్పుతూ కూర్చోకుండా మళ్లీ కల్వర్టులు చూడండి.

మ్యాపులో 10 సెంటీమీటర్ల లోపు నీళ్లను చూపించొద్దు. వాన నేరుగా గడుల మీద పడుతుంది కాబట్టి ఊరంతా నీలంగా వస్తుంది. ఏ కల్వర్టును ఎంత పూడికతో లెక్కించారో మ్యాపు మూలలో రాసిపెట్టండి. పూడిక తీశాక ఆ ఒక్క అంకె మార్చి అదే ఫైలును మళ్లీ నడపొచ్చు.