వాల్‌నట్ చెక్క ఫ్లోరింగ్ వేయించాలా? కొనే ముందు నుంచి తుడిచే దాకా

వాల్‌నట్ ఫ్లోరింగ్ అనగానే అందరూ చూసేది రంగే. ముదురు చాక్లెట్ రంగు, అక్కడక్కడా ఊదా ఛాయ, అలల్లా సాగే చారలు, షోరూమ్ లైట్ల కింద చూస్తే ఇక వేరే చెక్క కంటికి ఆనదు. కానీ ఆ రంగు ఎలాగూ కొన్నాళ్లకు మారిపోతుంది (ఎలా మారుతుందో కింద చెప్తాను). నేల ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేవి మాత్రం కంటికి కనపడని మూడు సంగతులు: పై పొర మందం, కింది కాంక్రీట్‌లో తేమ, గోడ పక్కన వదిలిన ఖాళీ. డబ్బు, ఓపిక వీటి మీద పెట్టండి.

ఇక్కడ చెప్పేది ఇంజినీర్డ్ ఫ్లోరింగ్ గురించి, అంటే పైన వాల్‌నట్ పొర, కింద వేరే పొరలు అతికించిన బోర్డుల గురించి. ముందుగా ఒక అపోహ. ఇంజినీర్డ్ అంటే నకిలీ చెక్క కాదు. లామినేట్‌లో పైన ఉండేది చెక్క ఫొటో అచ్చేసిన కాగితం, ఇందులో ఉండేది అసలు వాల్‌నట్. దాని కింద ప్లైవుడ్ గానీ, మెత్తటి చెక్క పట్టీలు గానీ, హెచ్‌డీఎఫ్ (చెక్క పీచును గట్టిగా నొక్కి చేసిన పలక) గానీ ఉంటుంది. ఏ చెక్కయినా తేమ తగిలితే పొడవునా దాదాపు కదలదు, వెడల్పులోనే ఉబ్బుతుంది, ఆరితే మళ్లీ కుంచించుకుపోతుంది. పొరల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా మార్చి అతికిస్తే ఒక పొర కదలబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. అందుకే పొరలు లేని, ఒకే ముక్కగా ఉండే సాలిడ్ చెక్క పలకలు ఇబ్బంది పెట్టే చోట, అంటే కాంక్రీట్ మీద, నేల కింద హీటింగ్ ఉన్న గదుల్లో, ఇది నిలబడుతుంది.

కొనేటప్పుడు అడగాల్సినవి

"మందం ఎంత?" అని అడిగితే అమ్మేవాళ్లు 14 మి.మీ., 15 మి.మీ. అని మొత్తం బోర్డు మందం చెప్తారు. మీకు కావాల్సింది పైనున్న వాల్‌నట్ పొర మందం. అది 1 మి.మీ. లోపు ఉంటే ఆ నేలను ఎప్పటికీ గీకి మళ్లీ పాలిష్ చేయలేరు, గీతలు పడితే వాటితోనే బతకాలి. 2 మి.మీ. అయితే జాగ్రత్తగా ఒకసారి శాండింగ్ చేయొచ్చేమో, 3 నుంచి 4 మి.మీ. అయితే రెండు సార్లకు ఢోకా ఉండదు, 6 మి.మీ. అయితే సాలిడ్ చెక్కతో దాదాపు సమానం. నన్నడిగితే ఇంట్లో ఎక్కువగా తిరిగే గదులకు 3 మి.మీ. కంటే తక్కువ తీసుకోవద్దంటాను. ఒక ముక్క చేతిలోకి తీసుకుని పక్కనుంచి చూడండి, పై పొర ఎక్కడ ఆగుతుందో తెలిసిపోతుంది.

రెండోది, పేరు. నల్ల వాల్‌నట్ శాస్త్రీయ నామం జగ్లాన్స్ నైగ్రా, ఉత్తర అమెరికా చెట్టు. మనం తినే అక్రోట్ కాయలు కాసే చెట్టు జగ్లాన్స్ రీజియా, దాని చెక్క కాస్త లేత రంగులో ఉంటుంది. ఈ రెండూ అసలైన వాల్‌నట్లే. "బ్రెజిలియన్ వాల్‌నట్" అని అమ్మేది మాత్రం ఇపే అనే వేరే జాతి చెక్క. ఇక "వాల్‌నట్ కలర్", "వాల్‌నట్ ఫినిష్" అని రాసి ఉంటే అది ఏదో ఒక చెక్కకు రంగు పూసినదై ఉండొచ్చు. బిల్లు మీద జాతి పేరు రాయించుకోండి.

మూడోది, వాల్‌నట్ అంత గట్టి చెక్క కాదు. జాంకా అని ఒక పరీక్ష ఉంది, 11.28 మి.మీ. ఉక్కు గుండును చెక్కలోకి సగం దిగే దాకా నొక్కడానికి ఎంత బలం పట్టిందో కొలుస్తారు. నల్ల వాల్‌నట్‌కి 1010 పౌండ్లు, రెడ్ ఓక్‌కి 1290, వైట్ ఓక్‌కి 1360, హికరీకి 1820. హైహీల్స్, కుక్క గోళ్లు, చేజారిన గిన్నె, అన్నీ దీని మీద గుర్తు వదిలిపోతాయి. అది మీకు టెన్షన్ అయితే ఓక్‌కి వాల్‌నట్ రంగు వేయించుకోవడం తెలివైన పని, ఇందులో నామోషీ ఏమీ లేదు. వాల్‌నట్టే కావాలంటే అద్దంలా మెరిసే గ్లాసీ ఫినిష్ వద్దు, మ్యాట్ గానీ బ్రష్ చేసింది గానీ తీసుకోండి, చిన్న గీతలు కలిసిపోతాయి.

ఫినిష్‌లో రెండు దారులున్నాయి. ఫ్యాక్టరీలోనే యూవీ కిరణాలతో గట్టిపరిచిన లాకర్ (వార్నిష్ లాంటి పూత) రోజువారీ వాడకానికి మొండిగా ఉంటుంది, కానీ ఒకచోట లోతుగా గీసుకుపోతే ఆ ఒక్కచోటే సరిచేయడం కష్టం. నూనె లేదా హార్డ్‌వ్యాక్స్ ఆయిల్ వేసిన నేలకు అప్పుడప్పుడూ మళ్లీ నూనె పట్టించాలి, అయితే దెబ్బ తిన్న చోట మాత్రమే రుద్ది కొత్తగా పూయొచ్చు. త్వరగా సొట్టలు పడే వాల్‌నట్‌కి నేను నూనె వైపే మొగ్గుతాను. పని పెట్టే నేల వద్దనుకుంటే లాకర్.

గ్రేడ్ అనేది అందానికి సంబంధించింది, బలానికి కాదు. చేవ ముదురు రంగులో, చుట్టూ ఉండే చెక్క మీగడ తెలుపులో ఉంటాయి. రస్టిక్ గ్రేడ్‌లో ఈ తెల్ల పట్టీలు, ముడులు ఎక్కువ. జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువుకు పరిమితి పెట్టే ఈ1, లేదా కార్బ్ ఫేజ్ 2 ప్రమాణం పాటించిందో లేదో పెట్టె మీద చూడండి. గది విస్తీర్ణానికి 10 శాతం అదనంగా, హెరింగ్‌బోన్ (వంకర టింకరగా సాగే) డిజైన్‌కి 15 శాతం అదనంగా కొనండి.

వేసే ముందు

ఇంట్లో తడి పనులన్నీ, అంటే ప్లాస్టరింగ్, టైల్స్, పెయింట్, అయిపోయాకే చెక్క లోపలికి రావాలి.

కాంక్రీట్ పైకి ఆరినట్టు కనిపిస్తే చాలదు. ప్లాస్టిక్ షీట్ ఒకటి నేలకు నాలుగు వైపులా టేప్ వేసి ఒక రోజు వదిలితే కింద చెమ్మ పట్టిందా లేదా తెలుస్తుంది, పట్టిందంటే పని ఆపేయాల్సిందే, కానీ పట్టలేదంటే అంతా బాగుందని మాత్రం కాదు. నమ్మదగ్గ పద్ధతి ఏఎస్‌టీఎం ఎఫ్2170 అనే ప్రామాణిక పరీక్ష, ఇందులో కాంక్రీట్‌లో మందంలో 40 శాతం లోతుకు రంధ్రం చేసి లోపలి సాపేక్ష తేమను ప్రోబ్‌తో కొలుస్తారు. చాలా కంపెనీలు 75 శాతం దాటకూడదంటాయి. మీరు కొన్న బోర్డు కంపెనీ ఏ అంకె రాసిందో అదే పాటించండి, ఎందుకంటే వారంటీ దాని మీదే ఆధారపడి ఉంటుంది.

తర్వాత చదును. 2 మీటర్ల తిన్నటి పట్టీని నేల మీద అన్ని వైపులా తిప్పి పెట్టండి, కింద 3 మి.మీ. కంటే ఎక్కువ సందు కనిపిస్తే గుంటను లెవలింగ్ కాంపౌండ్‌తో నింపాలి, మిట్టను గ్రైండ్ చేయాలి. "మందంగా ఫోమ్ వేస్తే సర్దుకుంటుంది" అని ఎవరైనా అంటే వినకండి. అడుగు పడినప్పుడల్లా బోర్డు దిగి లేస్తూ, చివరికి బోర్డుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే క్లిక్ లాక్ విరిగిపోతుంది.

చెక్క గది వాతావరణానికి అలవాటు పడేలా బోర్డుల పెట్టెల్ని అదే గదిలో పడుకోబెట్టి సాధారణంగా 48 నుంచి 72 గంటలు ఉంచుతారు. అయితే గంటల కంటే గది వాతావరణం ముఖ్యం: 18 నుంచి 24 డిగ్రీలు, గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య, మనుషులు నివసించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే.

వేయడం

జిగురుతో అతికించొచ్చు, మేకులతో బిగించొచ్చు, లేదా నేలకు అతకకుండా ఫ్లోటింగ్‌గా పరవొచ్చు. సొంతంగా చేసుకునేవాళ్లకు మూడోదే మేలు, అదే చెప్తాను.

కాంక్రీట్ మీద 0.2 మి.మీ. పాలిథీన్ షీట్ పరిచి, అతుకుల దగ్గర 20 సెం.మీ. ఒకదాని మీదికి ఒకటి రానిచ్చి టేప్ వేయండి. దాని మీద అండర్‌లే, అంటే బోర్డుల కింద వేసే పలుచటి మెత్తటి పొర. గది వెడల్పును బోర్డు వెడల్పుతో భాగించి చూడండి, చివరి వరస 5 సెం.మీ. కంటే సన్నగా వచ్చేట్టయితే మొదటి వరసనే కొంత కోసుకోండి. ఇది మరిస్తే చివరి గోడ దగ్గర సన్నటి పీలికతో కుస్తీ పట్టాల్సి వస్తుంది.

మూడు నాలుగు పెట్టెలు ఒకేసారి విప్పి, బోర్డుల్ని కలిపి పెట్టుకోండి. వాల్‌నట్‌లో ఒక్కో పెట్టె ఒక్కో ఛాయలో ఉండటం మామూలే, ఒక పెట్టె అయ్యాక ఇంకోటి తీస్తే నేల మీద మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ముడులున్నవీ తెల్ల పట్టీలున్నవీ మంచాల కింద, మూలల్లో పోయేలా ముందే పక్కన పెట్టుకోండి.

గోడ చుట్టూ, స్తంభాల చుట్టూ, పైపుల చుట్టూ చెక్క ఉబ్బడానికి 10 నుంచి 12 మి.మీ. ఖాళీ వదలాలి, స్పేసర్లు (ఖాళీ తప్పకుండా పెట్టే చిన్న ముక్కలు) పెట్టుకుంటూ పోండి. పక్క పక్క వరసల్లో అతుకులు కనీసం 30 సెం.మీ. ఎడంగా ఉండాలి, ఒక వరస చివర కోసిన ముక్కతో తర్వాతి వరస మొదలుపెడితే వృథా తగ్గుతుంది. తలుపు ఫ్రేమ్ చుట్టూ బోర్డును చెక్కే బదులు ఫ్రేమ్ అడుగునే బోర్డు మందం మేర కోసి, కిందికి దూర్చండి, చూడటానికి అదే శుభ్రంగా ఉంటుంది. సుత్తితో నేరుగా బోర్డు అంచు మీద కొట్టొద్దు, మధ్యలో ట్యాపింగ్ బ్లాక్ అనే దిమ్మె పెట్టి దాని మీద కొట్టండి. కిచెన్ క్యాబినెట్ లాంటి కదలని బరువుల్ని ఫ్లోటింగ్ నేల మీద బిగించొద్దు. స్కర్టింగ్‌ను గోడకే కొట్టాలి, నేలకు కాదు.

కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి, వాల్‌నట్ పొడి కొందరికి చర్మాన్నీ ముక్కునీ మండిస్తుంది. ఆ రంపపు పొట్టును గుర్రాల కింద పరుపుగా వేయకూడదు, నల్ల వాల్‌నట్ పొట్టు వాటి గిట్టలకు వాపు తెస్తుంది. గుర్రాలున్నవాళ్లు ఇది చదువుతున్నారో లేదో తెలీదు గానీ చెప్పి ఉంచుతున్నా.

నేల కింద హీటింగ్ ఉంటే ఉపరితలం 27 డిగ్రీలు దాటనివ్వకండి, ఒక్కసారిగా కాకుండా రోజుకు కొంచెం కొంచెంగా పెంచండి.

రంగు, రోజువారీ సంరక్షణ

చాలా చెక్కలు వెలుతురు తగిలితే ముదురుతాయి. వాల్‌నట్ దీనికి విరుద్ధం, నెలలు గడిచేకొద్దీ చాక్లెట్ రంగు తేలికై తేనె ఛాయ గోధుమ రంగుకు వస్తుంది. కర్టెన్లు, యూవీ ఫిల్మ్ దీన్ని నెమ్మదింపజేస్తాయి, ఆపలేవు. కాబట్టి మొదటి కొన్ని నెలలు కార్పెట్లు వేయకండి, వేసినా తరచూ జరుపుతూ ఉండండి, లేకపోతే ఎత్తిన రోజున దాని ఆకారంలో ముదురు మచ్చ కనిపిస్తుంది. రబ్బరు అడుగున్న చాపలు లాకర్ మీద మరక వేస్తాయి, అవి అసలు వద్దు.

ఇసుకే అసలు శత్రువు. గుమ్మం దగ్గర పట్టా వేసి, మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్‌తో తీసేయండి, తిరిగే బ్రష్‌ను ఆపేసి. తుడవడానికి బాగా పిండేసిన మైక్రోఫైబర్ మాప్, చెక్కకు పనికొచ్చే క్లీనర్. బకెట్ నీళ్లు కుమ్మరించడం, స్టీమ్ మాప్, వెనిగర్, అమ్మోనియా, వీటన్నిటికీ దూరం. నీళ్లు ఒలికితే అప్పటికప్పుడే తుడవాలి, ముఖ్యంగా అతుకుల దగ్గర. కుర్చీల కాళ్లకు ఫెల్ట్ ప్యాడ్లు అంటించి, అరిగినప్పుడు మార్చండి.

ఎన్నేళ్ల తర్వాతయినా శాండింగ్ చేయించాలనిపిస్తే, మిషన్ పెట్టనిచ్చే ముందు గుమ్మం దగ్గరి థ్రెషోల్డ్ పట్టీ ఒకటి విప్పించండి. అక్కడ బోర్డు అంచు బయటపడుతుంది, పై పొర ఇంకా ఎన్ని మి.మీ. మిగిలి ఉందో స్కేలు పెట్టి కొలిచి, అప్పుడు చెప్పండి సరేనో వద్దో.