మండువా గ్లాసు కారుతోందా? సిలికాన్ కంటే ముందు పొడిగుడ్డ

కోనసీమలో పాత మండువా లోగిలి బాగుచేయించుకునే వాళ్లలో చాలామంది మండువా మీద, అంటే ఇంటి మధ్య ఆకాశానికి తెరిచి ఉండే చోటు మీద, గ్లాసు పైకప్పు వేయిస్తున్నారు. వెలుతురు ఉంటుంది, కోతులు దిగవు. తర్వాత మొదటి చలికాలానికే ఫోను: "గ్లాసు కారుతోందండీ."

లక్షణం: తెల్లారేసరికి గ్లాసు అడుగున చుక్కలు, కింద గచ్చు తడి. కొన్నాళ్లకి చుట్టూ దూలాల మీద నల్ల మచ్చలు.

రాత్రి వాన పడిందా? ఎవరూ వేసుకోని ప్రశ్న ఇదే. సాయంత్రం నిచ్చెన వేసి గ్లాసు అడుగుభాగం పొడిగుడ్డతో తుడవండి, పొద్దున్నే చూడండి. ఒక్క అతుకు దగ్గరే చార కడితే లీకు. గ్లాసంతా మసకబారి సమానంగా చుక్కలు పట్టిందంటే లీకు కాదు.

నన్ను ముంచింది ఈ రెండోదే. అమలాపురం దగ్గర ఒక ఇంట్లో అతుకుల సందులు మూయడానికి మూడుసార్లు సిలికాన్ పట్టించాను, మూడుసార్లూ చుక్కలు ఇంకా ఎక్కువయ్యాయి. చివరికి ఆ ఇంటి మామ్మగారు, "ఏం బాబూ, పది రోజులుగా చుక్క వాన లేదు, కారడానికి నీళ్లెక్కడివి?" అన్నారు. అప్పుడు వెలిగింది.

మబ్బులేని చలి రాత్రుల్లో గ్లాసు తన వేడిని ఆకాశానికి వదిలేసి, ఇంట్లో గాలి కంటే బాగా చల్లబడుతుంది. వంటింటి ఆవిరి, వేణ్ణీళ్ల స్నానాలు, ఎండ పడుతోంది కదా అని మండువాలోనే ఆరేసిన బట్టలు... ఈ తేమంతా పైకే లేస్తుంది. ఇదివరకు అలాగే బయటికి పోయేది. ఇప్పుడు దారిలేక చల్లటి గ్లాసుకి తగిలి నీరవుతోంది. సిలికాన్‌తో మనం మూసింది మిగిలిన ఆ కాసిని సందుల్నే. ఆ ఇంట్లో వంటింటి చిమ్నీ గొట్టం కూడా మండువాలోకే తెరుచుకుని ఉంది, అదీ నేను చూసుకోలేదు.

పరిష్కారం: గ్లాసు ఫ్రేమును పెంకుల మీంచి అడుగు ఎత్తు లేపి, నాలుగు వైపులా ఆ సందు గాలికి వదిలేయండి. దోమలకి మెష్ చాలు. జల్లు లోపలికి కొట్టకుండా గ్లాసు అంచు అడుగున్నర బయటికి రావాలి. ఫ్రేము లేపడం కుదరకపోతే ఎదురెదురు వైపుల లూవర్లు (గాలి పోయే వాలు పలకలు) పెట్టించండి. చిమ్నీ గొట్టం ఇంటి బయటికి తిప్పించండి. ఏప్రిల్‌లో "ఏసీ వేసినా ఇల్లు చల్లబడట్లేదు" అనే గోలకీ ఇదే మందు, వేడిగాలి నిలిచేదీ గ్లాసు కిందే.

వానలోనే కారితే మాత్రం మూల రేకులు (పెంకుల వాలులు కలిసే మూలల్లో నీళ్లు పోయే రేకులు) చూడండి, ఆకులు అడ్డుపడి ఉంటాయి. గ్లాసు పగులు, ఫ్రేము కుంగడం లాంటివి అరుదు, ఉంటే కంటికే కనిపిస్తాయి.

సందు వదిలాక గాలివానకి కాస్త జల్లు పడక తప్పదు. టైల్సు వేసినవాడు మండువా తూము మూసేశాడేమో, ఒక బిందె నీళ్లు పోసి చూసుకోండి.