షార్ట్స్ వ్యూస్ ఒక్కసారిగా పడిపోతే: ఒడిశా సరిహద్దు తెలుగు ఛానళ్ల కోసం

మొన్నటిదాకా ఒక్కో షార్ట్‌కి ఇరవై వేలు, ముప్పై వేలు వచ్చిన ఛానల్‌కి ఈ వారం ఐదు వందలు కూడా దాటకపోతే ముందు చెయ్యి వెళ్లేది డిలీట్ మీదికే. దయచేసి ఆ పని చేయకండి. వీడియో తీసేస్తే దానికి వచ్చిన వ్యూస్, కామెంట్లు, జనం వాట్సాప్‌లో పంపుకున్న లింకులు అన్నీ పోతాయి. అదే ఫైలు మళ్లీ ఎక్కిస్తే సున్నా నుంచి మొదలవుతుంది, ఎందుకు ఆగిందో ఆ కారణం మాత్రం దాంతోపాటే మళ్లీ వస్తుంది. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం, కోరాపుట్ వైపు నుంచి నడిచే తెలుగు ఛానళ్లలో ఆ కారణం చాలాసార్లు భాష దగ్గర దొరుకుతుంది. దాన్ని ఎలా పట్టుకోవాలో కింద వివరంగా ఉంది. దానికి ముందు లెక్క సరిచూసుకోవాలి.

నిజంగా పడిందా?

చివరి 20 షార్ట్స్ తీసుకోండి. ఒక్కోదానికి పెట్టిన 48 గంటల్లోపు ఎన్ని వ్యూస్ వచ్చాయో రాసుకోండి. ఇవాళ్టి మొత్తం రాస్తే పాత వీడియోకి అన్యాయంగా ఎక్కువ పడుతుంది. ఆ 20 అంకెల్నీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో పెట్టి, 10వ, 11వ అంకెల సగటు తీయండి. మీ ఛానల్ మామూలు స్థాయి అదే. ఒకే ఒక్క వీడియో రెండు లక్షలు కొట్టి ఉంటే మొత్తం సగటు దాన్నిబట్టి పైకి పోతుంది, ఆ సగటుతో పోల్చుకుంటే మిగతావన్నీ పడిపోయినట్టే కనిపిస్తాయి.

తేదీ కూడా చూడండి. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్ వ్యూస్ లెక్కించే తీరు మార్చింది. ఇప్పుడు వీడియో మొదలైనా, తిరిగి ఆడినా ఒక వ్యూ. కాసేపు ఆగి చూసినవాళ్ల పాత లెక్క ‘ఎంగేజ్డ్ వ్యూస్’ పేరుతో యూట్యూబ్ స్టూడియో (ఛానల్ లెక్కలు చూసుకునే చోటు) అడ్వాన్స్‌డ్ మోడ్‌లో ఉంటుంది. ఆ తేదీకి ముందువీ తర్వాతివీ పోల్చాలంటే ఎంగేజ్డ్ వ్యూస్‌నే పోల్చాలి.

పండగ లెక్క వేరు. రాయగడ మజ్జిగౌరమ్మ చైత్ర ఉత్సవం, రథయాత్ర, కోరాపుట్ పరబ్ లాంటి రోజుల్లో తీసినవి బాగా పరుగెత్తి, పండగ అయ్యాక చల్లబడతాయి. బరంపురం ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి జరుగుతుంది కాబట్టి దాని వ్యూస్‌ని నిరుటి అదే నెలతో పోల్చినా తప్పే వస్తుంది. జలపాతాల ఛానళ్లు వానాకాలం అంకెల్ని వేసవితో పోల్చకూడదు. డుడుమ, గండహతి, చాటికోన కోసం జనం వెతికేది నీళ్లు నిండుగా ఉన్నప్పుడే.

ఎక్కడ ఆగింది?

స్టూడియోలో ఒక్కో షార్ట్ అనలిటిక్స్ తెరిస్తే మూడు అంకెలు అందుతాయి: ఫీడ్‌లో (ఒకదాని తర్వాత ఒకటి వచ్చే షార్ట్స్ వరుసలో) ఎన్నిసార్లు చూపించారు, చూపించినవాళ్లలో ఎంత శాతం ఆగి చూశారు, ఎంత శాతం స్వైప్ చేశారు. వీటి కింద సగటున ఎన్ని సెకన్లు చూశారో గ్రాఫ్ ఉంటుంది. బాగా ఆడిన నాలుగు వీడియోలు, పడిపోయిన నాలుగు వీడియోలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఉదాహరణకు పాత వీడియోలకి ఆగి చూసినవాళ్లు 72 శాతం ఉండి, కొత్తవాటికి 51కి దిగితే, లోపం మొదటి రెండు మూడు సెకన్లలో ఉంది, లేదా వీడియో వెళ్లకూడని జనానికి వెళ్తోంది. ఆ శాతం మారకుండా గ్రాఫ్ మధ్యలో కూలిపోతుంటే కథనం సాగదీసినట్టుందని అర్థం. రెండూ పాత వాటిలాగే ఉండి, చూపించిన సంఖ్య మాత్రం తగ్గితే ఆంక్షలు, కాపీరైట్, సీజన్ వైపు వెతకండి. ఇన్ని శాతం ఉంటే మంచిదని బయట చెప్పే అంకెల్ని పట్టించుకోవద్దు. పోలిక మీ పాత వీడియోలతోనే.

రెండు భాషల జనం

సరిహద్దు ఛానళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది. మీరు తెలుగులో మాట్లాడతారు, చూపించే ఊరు ఒడిశాలో ఉంటుంది. ఒక రోజు దేవమాలి కొండ మీదో, గుప్తేశ్వర్ గుహల దగ్గరో తీసిన వీడియోకి ఒడియా పాట పెడతారు. అది భువనేశ్వర్, కటక్ దాకా వెళ్తుంది, వేలమంది ఒడియావాళ్లు సబ్‌స్క్రైబ్ చేస్తారు. తర్వాతి వారం పూర్తి తెలుగు మాటలతో వంట వీడియో పెడితే, ఫీడ్ దాన్ని మీ వీడియోలు ఇంతకుముందు ఇష్టపడిన వాళ్లకీ చూపిస్తుంది. వాళ్లకి మాట అర్థం కాక రెండో సెకనులోనే స్వైప్ చేస్తారు. ఆగి చూసిన శాతం పడిపోతుంది, ఫీడ్ చూపించడం తగ్గిస్తుంది. విశాఖ, శ్రీకాకుళంలో ఆ వీడియోని ఆనందంగా చూడాల్సినవాళ్ల దాకా అది చేరనే చేరదు.

దీన్ని రెండు చోట్ల పట్టుకోవచ్చు. స్టూడియో అడ్వాన్స్‌డ్ మోడ్‌లో నగరాలవారీ లెక్క తెరిచి, పడిపోవడానికి ముందు 28 రోజులు, తర్వాత 28 రోజులు పక్కపక్కన పెట్టండి. విశాఖపట్నం, హైదరాబాద్, విజయవాడ తగ్గి భువనేశ్వర్, కటక్ పెరిగితే సంగతి తేలినట్టే. బరంపురం అంకె దీనికి పనికిరాదు, అక్కడ రెండు భాషలవాళ్లూ ఉన్నారు. రెండోది కామెంట్లు. చివరి వంద కామెంట్లు తీసి తెలుగులో ఎన్ని, ఒడియాలో ఎన్ని, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినవి ఏ భాషవో లెక్కపెట్టండి. అరగంట పని, మిగతా ఏ రిపోర్టుకన్నా స్పష్టంగా చెబుతుంది.

దిద్దుకోవడం ఇలా. ఒక వీడియోకి ఒకే భాష పెట్టుకోండి. మొదటి మాట, తెర మీద అక్షరాలు, టైటిల్ మూడూ అదే భాషలో ఉండాలి. టైటిల్‌లో తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడూ కుక్కితే ఫోన్ ఫీడ్‌లో కనిపించే కాస్త చోటులో ఏదీ పూర్తిగా చదవబడదు. ఊరి పేరు ముందు పెట్టండి: ‘గుణుపూర్ సంతలో…’ అని మొదలైతే గుణుపూర్ వాళ్లు, పాతపట్నం వాళ్లు ఇద్దరూ ఆగుతారు. స్టూడియోలో వీడియో వివరాల కింద భాష అనే గడి ఉంటుంది, అందులో తెలుగు ఎంచుకోండి. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు.

మాట అవసరం లేని వీడియోలు, అంటే జలపాతం చప్పుడు, ధింసా ఆట, పెనం మీద కమ్మగా వేగే చేప, ఇవి రెండు భాషలవాళ్లకీ పనికొస్తాయి. వీటిని మాటల వీడియోల మధ్య ఒకటి రెండు వేసుకోవచ్చు. ఒడియాలో కూడా క్రమంగా చేయాలనుకుంటే, నెలకి ఎనిమిదికన్నా ఎక్కువ వీడియోలు చేయగలిగినప్పుడు దానికి వేరే ఛానల్ పెట్టడమే మేలు. అంతకన్నా తక్కువైతే రెండో ఛానల్‌కి ఊపిరి అందదు.

యాస విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. వ్యూస్ పడ్డాయని ఇక్కడి తెలుగును వదిలేసి సినిమా తెలుగు మాట్లాడటం మొదలుపెట్టకండి. పఖాళ అన్నం, ఉప్మా గుగ్ని, మండియా (రాగి) జావ గురించి ఇక్కడివాళ్లు ఇక్కడి గొంతుతో చెప్పేదే మీ దగ్గర మాత్రమే దొరికేది. హైదరాబాద్‌లో అర్థం కాదన్న భయం ఉంటే కింద తెలుగు అక్షరాలు వేయండి, గొంతు అలాగే ఉంచండి.

మొదటి మూడు సెకన్లు

‘నమస్కారం అండి, మన ఛానల్‌కి స్వాగతం’ అని ఐదు సెకన్లు గడిపితే ఆ ఐదు సెకన్లలోనే చాలామంది పోతారు. జలపాతం వీడియో జలపాతంతోనే మొదలవ్వాలి. దారి, బైకు, టీకొట్టు అన్నీ తర్వాత. వంటలో పూర్తయిన కంచం ఒక సెకను చూపించి, తర్వాత తరిగే పని చూపండి. వెనక సంగీతం గొంతు వినిపించేలా తగ్గించి, 15 నుంచి 20 శాతం మధ్య పెట్టి ఫోన్ స్పీకర్లో ఒకసారి వినండి. ఇయర్‌ఫోన్లో బాగున్నది ఫోన్ స్పీకర్లో గొంతును మింగేస్తుంది. దేవమాలి మీద గాలి మైకును ముంచేస్తుంది కాబట్టి అక్కడ తీసిన దృశ్యాలకి ఇంట్లో విడిగా గొంతు రికార్డు చేయండి.

1080 × 1920 తెరలో కింద సుమారు 400 పిక్సెళ్లు, కుడివైపు 180 పిక్సెళ్లు ఖాళీగా వదలండి. అక్కడ టైటిల్, లైక్, షేర్ గుర్తులు వచ్చి మీ అక్షరాల్ని కప్పేస్తాయి.

ఫైలు పాడైపోవడం

కొండల్లో తీసి, ఎడిటింగ్ చేసే స్నేహితుడికి వాట్సాప్‌లో పంపి, అతను తిరిగి వాట్సాప్‌లోనే పంపితే వీడియో రెండుసార్లు కుదించుకుపోతుంది. సెకనుకి 10 మెగాబిట్ల (ఎంబీపీఎస్) బిట్‌రేట్‌తో ఎగుమతి చేసిన 30 సెకన్ల వీడియో సుమారు 38 ఎంబీ ఉండాలి. మీ చేతిలో ఉన్నది 4 ఎంబీ అయితే ఆకులు, నీళ్లు అన్నీ మసకబారినట్టే. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింకు ఇవ్వండి. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో మీడియా క్వాలిటీ కింద ఎక్కువ నాణ్యతతో అప్‌లోడ్ చేసే ఎంపిక ఆన్ చేసుకోండి. సిగ్నల్ బలహీనంగా ఉన్న ఊళ్లో ఉంటే యూట్యూబ్‌లో ముందు ప్రైవేట్‌గా ఎక్కించి, హెచ్‌డీ సిద్ధమయ్యాక పబ్లిక్ చేయండి.

ఆంక్షలు, పాటలు

స్టూడియో కంటెంట్ పేజీలో ‘రిస్ట్రిక్షన్స్’ నిలువు వరుస చూడండి. జాతరలో తీసిన వీడియోలో లౌడ్‌స్పీకర్ పాట కూడా రికార్డయిపోతుంది, దానికి కంటెంట్ ఐడీ క్లెయిమ్ (ఆ పాట తమదని హక్కుదారు తరఫున పడే గుర్తు) వస్తుంది. 2024 అక్టోబర్ 15 నుంచి షార్ట్స్ మూడు నిమిషాల దాకా పెట్టొచ్చు, కానీ ఒక నిమిషం దాటిన షార్ట్‌కి అలాంటి క్లెయిమ్ ఉంటే అది ప్రపంచమంతటా బ్లాక్ అవుతుంది. అసలు ధ్వని మ్యూట్ చేసి షార్ట్స్ లైబ్రరీ పాట పెట్టడం, లేదా డప్పు చప్పుడును పాట వినిపించని చోట విడిగా రికార్డు చేసుకోవడం దీనికి మార్గాలు. ఈ మూడు నిమిషాల మార్పుతో ఇంకొకటి జరిగింది. నిలువుగా తీసిన రెండు నిమిషాల వీడియోలు ఇప్పుడు షార్ట్స్‌గానే వెళ్తాయి, షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం డబ్బులు రావడానికి కావాల్సిన 4,000 గంటల వీక్షణ లెక్కలోకి రాదు. గంటలు కావాలంటే అడ్డంగా తీయండి.

పిల్లల ఆటలు చూపించే వీడియోకి ‘పిల్లల కోసం’ అని టిక్ పెడితే కామెంట్లు, నోటిఫికేషన్లు ఆగిపోతాయి. పెద్దలు చూసేందుకు తీసిన పల్లె జ్ఞాపకాల వీడియో అయితే ఆ టిక్ ఉండకూడదు. రక్తం కనిపించే బలి దృశ్యాలకి వయసు పరిమితి పడే అవకాశం ఉంది, వాటిని కత్తిరించండి. చాటికోన బుధవారం సంతలో డోంగ్రియా కొంధు ఆదివాసీల ముఖాల్ని అడగకుండా దగ్గర నుంచి తీయకండి. వాళ్ల మర్యాద ముందు, ఆపైన ప్రైవసీ ఫిర్యాదుతో వీడియో పోవచ్చు కూడా.

ఇన్‌స్టాగ్రామ్‌లో సెట్టింగ్స్‌లోని ‘అకౌంట్ స్టేటస్’ తెరిస్తే మీ రీల్స్ కొత్తవాళ్లకి సిఫారసు అవుతున్నాయో లేదో ఉంటుంది. అన్యాయంగా ఆపారనిపిస్తే అక్కడే సమీక్ష అడగొచ్చు. వేరే యాప్ వాటర్‌మార్క్ ఉన్న వీడియో అక్కడ వెనకబడుతుంది, కాబట్టి ఎడిటింగ్ యాప్ నుంచి శుభ్రమైన కాపీ దాచుకోండి. బిజినెస్ ఖాతాలకి సినిమా పాటలు పరిమితం. క్రియేటర్ ఖాతాకి మారితే ఎక్కువ దొరుకుతాయి.

డబ్బుల కోసం చూసేవాళ్లు గమనించాల్సింది: యూట్యూబ్‌తో పూర్తి భాగస్వామ్యానికి వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లతో పాటు 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ, పైన చెప్పిన 4,000 గంటలు గానీ కావాలి; షార్ట్స్ లెక్కలో ఎంగేజ్డ్ వ్యూసే చెల్లుతాయి. 90 రోజుల కిందటి పండగ వీడియో ఆ 90 రోజుల గడువు దాటి పోతున్న కొద్దీ ఆ అంకె రోజూ తగ్గుతుంది. ఈ తగ్గుదలను చూసి ఛానల్‌కి ఏదో శిక్ష పడిందనుకోవద్దు. ‘షాడోబ్యాన్ (చెప్పకుండా వీడియోలు చూపించడం ఆపేయడం) తీసేస్తాం’ అని పాస్‌వర్డో ఓటీపీయో అడిగేవాళ్లకి ఏమీ ఇవ్వకండి. సబ్‌కి సబ్ (ఒకరినొకరు సబ్‌స్క్రైబ్ చేసుకునే) గ్రూపులు, కొన్న వ్యూస్ యూట్యూబ్ నియమాలకి విరుద్ధం. పైగా అలా వచ్చినవాళ్లు మీ వీడియో చూడరు, ఆగి చూసే శాతాన్ని ఇంకా కిందకి లాగుతారు.

పది వీడియోల పరీక్ష

కారణం అనుమానంగా తేలాక మూడు వారాల్లో పది వీడియోలు వేయండి, అన్నీ దాదాపు ఒకే నిడివివి, ఒకే రకం విషయం. ఐదింటిలో పాత పద్ధతి, ఐదింటిలో ఒక్కటే మార్పు: పూర్తి తెలుగు, లేదా ముందు పలకరింపు లేకపోవడం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. పాతవి కొత్తవి ఒకదాని తర్వాత ఒకటి వేయండి, లేకపోతే పరీక్షల సెలవులో, క్రికెట్ మ్యాచో వచ్చి ఒక ఐదింటిని మాత్రమే దెబ్బతీస్తుంది. ఒక్కోదాని అంకెలు 72 గంటలకి రాసుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ ఖాతాకి ట్రయల్ రీల్స్ సౌకర్యం వచ్చి ఉంటే భాష పరీక్షకి అది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ముందు మిమ్మల్ని ఫాలో కానివాళ్లకే చూపిస్తుంది.

ఆగి చూసిన శాతం ఐదింటిలో నాలుగింటికి పెరిగితే, వ్యూస్ ఇంకా రాకపోయినా ఆ మార్పు అలాగే ఉంచి ఇంకో పది వేయండి. వ్యూస్ ఆ శాతం వెనక ఆలస్యంగా కదులుతాయి. ఇరవై తర్వాతా శాతం కదలకపోతే భాష, పలకరింపు రెండూ పక్కన పెట్టి, విషయం మార్చి చూడండి: జలపాతాల నుంచి సంతకి, సంత నుంచి వంటకి.